నీళ్ళు తాగే దిన్నె

ఇటు జరుగు తల్లీ, దుప్పటి కాస్త నాకూ వదులు. ఇవాళ మీ మామ నిన్ను "పొద్దస్తమానం పోరంబోకులా తిరుగుతావు" అన్నాడని అన్నం కూడా సరిగ్గా తినలేదట కదా. వాడి మాట పట్టించుకోకు. వాడికి ఆ మాటకి అర్థమే తెలీదు. నేను చెప్తాను విను. విన్నాక రేపు నువ్వే వాడిని నిలబెట్టి అడుగుదువుగాని. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి, లేకపోతే నేను ఆపేసి పడుకుంటాను.

అనగనగా ఎక్కడో కాదు, మన వంకమిట్టలోనే. ఎప్పుడో కాదు, మీ అమ్మకి ఇంకా పెళ్ళికాని రోజుల్లోనే. అప్పుడు ఇంటింటికీ కుళాయి లేదు. ఊరంతటికీ ఒక్కటే దిగుడుబావి. పద్దెనిమిది మెట్లు దాని లోపలికి. వానాకాలం నాలుగు మెట్లు దిగితే బిందె మునిగేది. ఎండాకాలం వస్తే పదిహేను, పదహారు దిగాలి. అయినా ఏ ఏడూ అడుగు కనబడేదాకా ఎండింది లేదు.

ఆ బావికి పైన ఒక దిన్నె ఉంది. గరుసు దిన్నె అనేవాళ్ళం. అంతా సన్న గులకరాయి, ఎర్రమట్టి, బోదగడ్డి, అక్కడక్కడా సీతాఫలం చెట్లు. దున్నితే పంట రాదు కాబట్టి ఎవరూ దున్నలేదు. మేకలు మేసేవి. మేము పోయి చీపురుకి గడ్డి కోసుకొచ్చేవాళ్ళం.

మండలాఫీసు కాయితాల్లో ఆ దిన్నెకి ఎదురుగా 'పోరంబోకు' అని రాసి ఉండేది. అంటే ఏమిటంటావా? ఏ ఒక్కరి పేరునా లేని నేల, శిస్తు కట్టని నేల అని. అంతే తల్లీ, అందులో తిట్టేమీ లేదు. ఒక్కరిది కాదంటే అందరిదీ అనే కదా. మనవాళ్ళు ఏం చేశారు? శిస్తు రాదు కాబట్టి అది పనికిమాలిన నేల అనుకున్నారు. ఆ తర్వాత పనీపాటా లేని మనిషిని కూడా ఆ పేరు పెట్టే తిట్టడం మొదలుపెట్టారు. ఆ ఒక్క పొరపాటుతో ఊరు ఊరంతా పీకల మీదికి తెచ్చుకోబోయింది.

ఎట్లాగో చెప్తా. ఆ రోజుల్లో కదిరమ్మ అని ఒక నీరుగంటి ఉండేది. నీరుగంటి అంటే చెరువు తూము దగ్గర ఉండి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసి పంచే మనిషి. ఆ పని ఆమె మొగుడిది. అతను పాము కరిచి పోయాక కదిరమ్మ పార భుజాన వేసుకుంది. ఆడమనిషి నీళ్ళు పంచుతుందా అని మొదట నవ్వారు. నవ్వినవాళ్ళ మడికి కూడా ఆమె చెంబెడు తేడా లేకుండా పారించింది. అప్పుడు ఇంక ఎవరూ నోరెత్తలేదు.

పాపం, ఊరికంతా నీళ్ళు పంచే మనిషికి తల దాచుకోను చోటు లేదు. చెరువుకట్ట పక్కన బోద కప్పిన కొట్టంలో ఉండేది. వాన పడితే లోపల గిన్నెలు పెట్టుకుని కూర్చునేది. ప్రభుత్వం ఇళ్ళ స్థలాలు ఇస్తుందని మూడుసార్లు జాబితా వచ్చింది. మొదటిసారి ఆమె పేరు లేదు. రెండోసారి పేరుంది, ఇంటిపేరు వేరే ఎవరిదో రాశారు. మూడోసారి పేరూ ఇంటిపేరూ సరిగ్గా ఉన్నాయి, స్థలమే లేదు.

నాలుగోసారి వచ్చింది చూడు జాబితా! ఇరవైనాలుగు ఇళ్ళు. అందులో ఏడో పేరు కదిరమ్మది. మొదటి పేరు ఎవరిదో చెప్పుకో. నాదే. చెన్నక్క అని పెద్ద అక్షరాలతో ఉంది. పట్టా కాయితం చేతికి ఇచ్చినరోజు కదిరమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, తడవకుండా మూడు కవర్లలో చుట్టుకుని, రవికలో పెట్టుకుంది. ఆరోజు నవ్వినంతగా ఆమె నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

స్థలం ఎక్కడంటే గరుసు దిన్నె మీద. సర్పంచి ఓబులేసు అక్కడే ఇద్దామన్నాడు. చెడ్డవాడు కాదులే ఓబులేసు, కాస్త గొప్పలు చెప్పుకుంటాడు, అంతే. "పోరంబోకే గదా, అడిగేవాడు ఎవుడు? ఊరికి దగ్గర, కొనే పని లేదు" అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. నేనైతే అందరికంటే గట్టిగా కొట్టాను.

అప్పుడు సర్వేయరు వచ్చింది. చిన్నపిల్ల, పేరు హసీనా. గొలుసు పట్టుకుని, ఎండలో చున్నీ తలకి చుట్టుకుని, దిన్నె మీద రాళ్ళు పాతించింది. కదిరమ్మ ఆమెకి మజ్జిగ తీసుకుపోయి, తన రాయి ఎక్కడో చూద్దామని నిలబడింది. చూసింది. చూసి మజ్జిగ చెంబు కింద పెట్టేసింది. రాళ్ళన్నీ సరిగ్గా బావికి పైనున్న వాలులో పడ్డాయి.

కదిరమ్మకి తెలిసిన సంగతి ఒకటుంది. ఊళ్ళో మిగతావాళ్ళెవరికీ తెలీదు. దిన్నె మీద పెద్దవాన పడితే ఆ నీళ్ళు కిందకి పారవు. గరుసులోకి ఇంకిపోతాయి. ఇంకి, మెల్లగా నడిచి, మూడోరోజుకి బావిలో తేలతాయి. మూడోరోజుకి ఒక మెట్టు మునుగుతుంది. ఆమె మొగుడు అది చూశాడు, అతని తండ్రి చూశాడు, ఆమె ఏటేటా బావి గట్టున కూర్చుని చూస్తూనే ఉంది. మేమంతా బావి తనంతట తనే నిండుతుందనుకున్నాం. బిందె ముంచుకోవడం తప్ప మాకేం తెలుసు.

అప్పుడు కదిరమ్మ ఓబులేసు దగ్గరికి పోయింది. "ఓబులేసన్నా, ఆ దిన్నె నీళ్ళు తాగే నేల. దాన్ని కదిలించొద్దు" అంది.

"నేల నీళ్ళు తాగక కాఫీ తాగుతాదా?" అని ఓబులేసు నవ్వాడు. పక్కన కూర్చున్న పదిమందీ నవ్వారు. అందులో నేనూ ఉన్నాను తల్లీ, దాచను.

ఆ తర్వాత జేసీబీ వచ్చింది. సీతాఫలం చెట్లు పీకింది, గడ్డి చెక్కింది. వెనకాలే రోలరు వచ్చి వీధుల కోసం నేలని తొక్కింది. దిన్నెలో సగం సిమెంటు గచ్చులా తయారైంది. మేము పండగకి పోయినట్టు పిల్లాపాపలతో పోయి, నా వంటిల్లు ఈడ, నీ వాకిలి ఆడ అని చూసుకుని వచ్చాం.

అప్పుడే ఒక పెద్దవాన పడింది. ఆ ఏడు తొలకరి. ఎప్పుడూ దిన్నె మీద ఇంకే వాన, ఈసారి ఎర్రటి నీళ్ళై ఊరి నడివీధిలో పారింది. రోడ్డు కోసుకుపోయింది, మా కోళ్ళగంప కొట్టుకుపోయింది. కదిరమ్మ బావి గట్టున కూర్చుంది. మొదటిరోజు మెట్టు మునగలేదు. రెండోరోజు మునగలేదు. మూడోరోజు సాయంత్రం దాకా చూసింది. పదిహేనో మెట్టు అట్లాగే పొడిగా ఉంది, చీమలు తిరుగుతున్నాయి దాని మీద.

ఆ సాయంత్రం ఆమె ఏం తిందో, తినలేదో నాకు తెలీదు. ఆలోచించు తల్లీ. ఇల్లు కావాలంటే ఊరి బావి పోతుంది. బావి కావాలంటే ఇన్నేళ్ళు కాచుకున్న ఇల్లు పోతుంది. పోనీ నోరు మూసుకుంటే సరిపోయేది, ఆమెనెవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు.

కదిరమ్మ నోరు మూసుకోలేదు. మళ్ళీ ఓబులేసు దగ్గరికి పోయింది. "బావి పోతే బోరు ఏపిస్తాలే" అన్నాడు. నేల తాగకపోతే బోరులోకి మాత్రం నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? ఆ మాట అతనికి తోచలేదు.

అప్పుడు హసీనా దగ్గరికి పోయింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. బావి దాకా వచ్చి, మెట్లు దిగి, తడిమి చూసింది. "అక్కా, గీత గీయడం నా పని. యాడ గీయాలో చెప్పాల్సింది మీ ఊరు. గ్రామసభలో అందరూ ఒప్పుకుని తీర్మానం రాసిస్తే నేను కొత్త గీత గీస్తా" అంది.

ఆ తర్వాత కదిరమ్మ మా దగ్గరికి వచ్చింది. జాబితాలో ఉన్న ఇళ్ళన్నీ తిరిగి చెప్పింది. ఓబులేసు నవ్వాడు, మేము నవ్వను కూడా లేదు, కొట్టబోయాం. ఆరోజు అందరికంటే ఎక్కువ తిట్టినదాన్ని నేనే. "నీకు కొట్టంలో పడుండడం అలవాటైపోయింది. మా కడుపు మీద ఎందుకు కొడతావే, పోరంబోకుదానా" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

కదిరమ్మ పార ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "సరే చెన్నక్కా. ఎల్లుండి గ్రామసభకి వచ్చేటప్పుడు ఒక కడవ నిండా నీళ్ళు తీసుకుని రా" అంది. మరో ఇద్దరికీ అట్లాగే చెప్పింది, ఎందుకో మాత్రం చెప్పలేదు. పదిహేను మెట్లు దిగి తెచ్చుకునే నీళ్ళు కడవెడు తెమ్మంటే నాకు మండింది. మండినా తీసుకుపోయాను, ఏం చేస్తుందో చూద్దామని.

సభ బడి ముందర జరిగింది. కదిరమ్మ లేచింది. కవర్లు ఒకటి, రెండు, మూడు విప్పి, పట్టా కాయితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నా ఇల్లు. మీ అందరికంటే నాకే ఎక్కువ అవసరం" అంది. "మొన్న చెన్నక్క నన్ను పోరంబోకుదానా అన్నాది. అవును, పోరంబోకునే. నాకు పొలం లేదు, శిస్తు లేదు, ఆ దిన్నె మాదిరే. కానీ మీ కడవల్లోకి నీళ్ళు యాడనుంచి వస్తాండాయో ఈరోజు చూపిస్తా. రాండి."

ఊరంతా ఆమె వెనకాల నడిచింది. మొదట రోడ్డు పక్కనున్న బండ మీదికి తీసుకుపోయింది. ఒక కడవ కుమ్మరించమంది. నీళ్ళు జర్రున జారి రోడ్డు మీదికి పోయాయి. ఒక్క చుక్క లోపలికి దిగలేదు.

అప్పుడు దిన్నె మీద రోలరు తొక్కిన చోటుకి తీసుకుపోయింది. రెండో కడవ కుమ్మరించారు. నీళ్ళు కాసేపు నిలబడి, మెల్లగా అవీ కిందకి జారిపోయాయి. అదీ బండతో సమానమైపోయింది.

ఆ తర్వాత రోలరు ఎక్కని చోటుకి, గడ్డి ఉన్న చోటుకి తీసుకుపోయింది. "చెన్నక్కా, నీ కడవ కుమ్మరించు" అంది. నేను కుమ్మరించాను తల్లీ. దాహంతో ఉన్న మనిషికి చెంబు ఇస్తే ఎట్లా తాగుతాడు? గుటగుటా తాగేసింది ఆ నేల. నా కళ్ళముందే కడవెడు నీళ్ళు జాడ లేకుండా పోయాయి. కిందికి ఒక్క చారిక కూడా జారలేదు. ఆ గుటక శబ్దం నా చెవులతో నేను విన్నాను. ఖాళీ కడవ పక్కన పెట్టి, వంగి ఆ నేలని తడిమాను. అప్పటిదాకా ఏళ్ళతరబడి ఆ దిన్నె మా కోసం వాన తాగి దాచిపెడుతుంటే, మేము దాన్ని పనికిమాలినది అన్నాం.

సభకి హసీనా కూడా వచ్చింది. ఆ పిల్లే అడిగింది. "బండ మీద ఎట్లాగూ నీళ్ళు ఇంకవు. ఇళ్ళు బండ మీద కట్టుకుంటే బావికి నష్టం లేదు గదా?"

మంచిమాటే. కానీ ఆ బండ ఓబులేసుది. వాళ్ళ తాతలనాటి కళ్ళం, పంట నూర్చుకునే చోటు. రోడ్డు పక్కన ఉంది కాబట్టి అక్కడ పెళ్ళిళ్ళు చేసే మంటపం కట్టి, గోడ మీద వాళ్ళ నాయన పేరు రాయించాలని అతని ఆశ. ఊరంతా అతని వైపు చూసింది. ఓబులేసు నేల చూపులు చూశాడు. అందరం తిరిగి బడి దగ్గరికి వచ్చాం. బల్ల మీద కదిరమ్మ కాయితం అట్లాగే ఉంది, ఎగిరిపోకుండా దాని మీద ఎవరో గులకరాయి పెట్టారు. ఓబులేసు దాన్ని చాలాసేపు చూశాడు.

"కొట్టంలో ఉండే నీరుగంటి తన ఇల్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. సర్పంచిని, నేను కళ్ళం పెట్టలేనా?" అన్నాడు. అని, చేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. గొప్పలు చెప్పుకునేవాడని అన్నాను కదా. ఆరోజు చెప్పిన గొప్పకి మాత్రం మా అందరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి.

అప్పుడు తీర్మానం రాశారు. గరుసు దిన్నె మీద గోడ లేవకూడదు. బండి చక్రం ఎక్కకూడదు. మట్టి తవ్వి అమ్మకూడదు. హసీనా బడి గోడ మీద ఊరి బొమ్మ గీసింది. ఇళ్ళున్న చోటు ఎరుపు, మడులున్న చోటు పచ్చ, దిన్నెకి నీలం. చూసినవాళ్ళంతా దిన్నెకి నీలమేమిటి, అక్కడ నీళ్ళు లేవు కదా అనేవాళ్ళు. అప్పుడు మా ఊళ్ళో పలకపట్టిన పిల్లలు కూడా "లోపల ఉన్నాయి" అని చెప్పేవాళ్ళు.

ఆ తర్వాత మేము ఇరవైనాలుగు ఇళ్ళవాళ్ళం గడ్డపారలు తీసుకుని దిన్నె ఎక్కాం. రోలరు తొక్కిన నేలంతా మళ్ళీ గుల్ల చేశాం. చిన్నచిన్న గుంతలు తవ్వాం, బోదగడ్డి దుబ్బులు తెచ్చి నాటాం. చేతులు బొబ్బలెక్కాయి. ఆశ్వయుజంలో వాన పడింది. మొదటిరోజు ఏమీ లేదు. రెండోరోజు ఏమీ లేదు. మూడోరోజు ఊరంతా బావి చుట్టూ నిలబడింది. పొద్దు తిరిగేసరికి మెట్టు మీది చీమలు పైకి పరుగెత్తాయి, వాటి వెనకాలే నీళ్ళు వచ్చాయి. ఒక మెట్టు మునిగింది. మేము వేసిన కేకలకి పక్కూరివాళ్ళు ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చారు.

నిద్రపోయావా? లేదు కదా. అసలైన ముక్క ఇప్పుడే ఉంది.

హసీనా బండని కొలిచింది. ఒకే వరసలో ఇళ్ళు, ఇంటికి ఇరవైనాలుగు అడుగుల వెడల్పు. కొలిచింది, మళ్ళీ కొలిచింది, మూడోసారి కొలిచింది. ఇరవైమూడు ఇళ్ళే పడుతున్నాయి. ఒక ఇల్లు తగ్గింది.

ఎవరూ ఏమీ అనకముందే కదిరమ్మ "నా కాయితం ఎప్పుడో బల్ల మీద పెట్టేసినా గదా. మీరు కట్టుకోండి. నాకు ఇంకో జాబితా వస్తాది" అంది. అనేసి, పార భుజాన వేసుకుని చెరువు వైపు పోయింది. వెనక్కి చూడలేదు.

నాకు ఉండబట్టలేదు. ఆమెను నేను అన్న మాట గుర్తొచ్చింది. వరసలో మొదటి స్థలం నాదే. నేను వంగి, నాకూ పక్కింటికీ మధ్యనున్న హద్దురాయి పట్టుకుని, ఒక్క అడుగు నా వైపుకి జరిపాను.

పక్కింటామె చూసింది. నేను ఒక అడుగు జరిపితే ఆమె తన రాయి రెండు అడుగులు జరిపింది. ఆ పక్కాయన మూడు అడుగులు. ఆ పక్కవాళ్ళు నాలుగు. ఐదు, ఆరు, ఏడు... రాయి వెనక రాయి, రాయి వెనక రాయి. తలా ఒక అడుగు వదులుకున్నారు, ఎవరూ ఎవరినీ అడగలేదు. చివరి ఇంటాయన తన రాయి ఇరవైమూడు అడుగులు మోసుకొచ్చి పెట్టాడు. పెట్టి తిరిగి చూస్తే, అతని వెనకాల ఇరవైమూడు అడుగుల చోటు ఖాళీగా ఉంది.

హసీనా తల పట్టుకుంది. "అయ్యో అక్కా, హద్దురాళ్ళు జరిపితే కేసు అవుతాది! ఎవురి రాళ్ళు ఆడ పెట్టేయండి" అంది. చచ్చినట్టు అన్నీ తిరిగి పెట్టాం. అప్పుడు ఆ పిల్ల గొలుసు తీసి, మొదటినుంచి మళ్ళీ కొలిచి, మేము ఎక్కడెక్కడికి జరిపామో సరిగ్గా అక్కడక్కడే రాళ్ళు పాతించింది. "ఇప్పుడు ఇది ప్రభుత్వం కొలత" అంది. పైఆఫీసులో సంతకం కోసం ఎన్నిసార్లు తిరిగిందో పాపం.

రాళ్ళు పాతిన సాయంత్రమే మేమంతా చెరువు దగ్గరికి పోయాం. ఆమె బల్ల మీద వదిలేసిన కాయితం నేనే తిరిగి ఇచ్చాను. "కదిరమ్మా, ఆరోజు అన్న మాటకి..." అనబోయాను. ఆమె నా చేతులు పట్టుకుని "ఊరుకో చెన్నక్కా, ఇంగ ఊరుకో" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఇద్దరం ముక్కులు తుడుచుకుని, ఆమె కొత్త ఇల్లు ఎక్కడో చూసుకోను పోయాం.

నువ్వు రోజూ చివరింటి అవ్వా, చివరింటి అవ్వా అని పిలుస్తావే, జేబులో వేరుసెనక్కాయలు పోస్తుందే, ఆమే కదిరమ్మ.

ఇప్పుడు చెయ్యి చాపు. చాపి ఆ గోడని తాకు. అందింది కదా. ఇటు నా పక్కనున్న గోడ నాకు అందుతోంది. మీ మామ ఈ గది ఇరుకు, మంచం పట్టదు అని రోజూ సణుగుతాడే, ఆ తగ్గిన అడుగు ఇక్కడిదే. మన వీధిలో ఏ ఇంటికి పోయినా ఇరవైమూడే అడుగులు, కావాలంటే రేపు తాడు పట్టుకుని కొలుచుకో. ఎవరైనా మీ ఇళ్ళు ఒక అడుగు తక్కువెందుకున్నాయి అని అడిగితే, తల వంచుకోకు. తలెత్తుకుని, అది మా అమ్మమ్మ ఇచ్చిన అడుగు అని చెప్పు.

వాన పోయింది దిన్నెకి,
దిన్నె నీళ్ళు బావికి,
బావి నీళ్ళు బిందెకి,
బిందె వచ్చె ఇంటికి,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి.